రవాణా శాఖకు బహిరంగ లేఖ: బ్యాటరీలకు చేసిన పనే బ్రేకు వేసే సాఫ్ట్‌వేర్‌కీ చేయండి, ఈసారి ముందే చేయండి

కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల శాఖ మంత్రి నితిన్ గడ్కరీ గారికి, ఆ శాఖ అధికారులకు నమస్కారం.

నేను హైదరాబాద్‌లో ఉంటాను, ఎలక్ట్రిక్ కారు నడుపుతాను, పని మీద తరచూ విజయవాడ హైవే ఎక్కుతుంటాను. ఎలక్ట్రిక్ బండ్లంటే నాకు నమ్మకం, ఇష్టం కూడా. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, కింద రాసింది చదివి ఈవీలకు వ్యతిరేకంగా రాస్తున్నానని ఎవరూ అనుకోకూడదు.

నేను అడిగేది ఒక్కటే. 2022లో స్కూటర్ బ్యాటరీలు కాలి మనుషులు చనిపోయాక మీరు కదిలారు, రూల్స్ మార్చారు, పరిస్థితి మెరుగుపడింది. ఇప్పుడు మన రోడ్ల మీద కార్లు వాటంతట అవే బ్రేకు వేస్తున్నాయి, స్టీరింగ్ తిప్పుతున్నాయి. ఇలాంటి కారు ఎవరినైనా గుద్దితే, ఆ క్షణంలో బండిని అదుపు చేస్తున్నది మనిషా, సాఫ్ట్‌వేరా అన్నది కంపెనీ తప్పనిసరిగా మీకు చెప్పాలనే రూల్ మన దేశంలో లేదు. ఆ రూల్ పెట్టండి. మళ్లీ శవాలు లేచేదాకా ఆగకండి.

2022 ఏప్రిల్‌లో ఏం జరిగిందో మా తెలుగువాళ్లకి బాగా గుర్తుంది. నిజామాబాద్‌లో ఇంట్లో చార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి ఎనభై ఏళ్ల పెద్దాయన చనిపోయాడు. కొద్ది రోజులకే విజయవాడలో పడకగదిలో చార్జింగ్‌లో ఉన్న బ్యాటరీ పేలి ఇంటాయన చనిపోయాడు, భార్య తీవ్రంగా కాలిపోయింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో మొదలైన మంటలు, పొగ పైన ఉన్న లాడ్జికి ఎగబాకి ఎనిమిది మంది ప్రాణాలు తీశాయి. ఊరు కాని ఊరు వచ్చి గది తీసుకుని పడుకున్నవాళ్లు, ఆ స్కూటర్లతో ఏ సంబంధమూ లేనివాళ్లు.

అప్పుడు మీరు హైదరాబాద్‌లోని ఏఆర్‌సీఐ అనే పరిశోధన సంస్థ డైరెక్టర్ టాటా నరసింగరావు గారి అధ్యక్షతన నిపుణుల కమిటీ వేశారు. కమిటీ చెప్పినవాటిని ఎలక్ట్రిక్ టూవీలర్ల భద్రతకి ఉన్న ఏఐఎస్ 156 ప్రమాణంలో చేర్చి, మొదటి విడత 2022 డిసెంబర్ 1 నుంచి, రెండో విడత 2023 మార్చి 31 నుంచి అమలు చేశారు. సెల్ నాణ్యత, బ్యాటరీని కనిపెట్టుకుని ఉండే బీఎంఎస్, చార్జర్, ఒక సెల్ లోపల షార్ట్ సర్క్యూట్ అయినా ఆ మంట మిగతా వాటికి పాకకుండా ఉండటం, ఇలా ఒక్కొక్కటీ పరీక్ష పెట్టి నెగ్గాకే అమ్మమన్నారు. కంపెనీలు గొణిగాయి, ఖర్చు పెరుగుతుందన్నాయి, చివరికి చేశాయి. అంటే మీ శాఖకి చేతకాక కాదు. తల్చుకుంటే ఏడాది తిరక్కుండా చేయగలరు. నాకున్న ఆశ కూడా అదే, అందుకే ఈ లేఖ మీకు రాస్తున్నాను, కంపెనీలకు కాదు.

ఎలక్ట్రిక్ విషయం రెండు ముక్కల్లో చెప్పి అసలు సంగతికి వస్తాను. ఇంట్లో చార్జింగ్ పెట్టుకుంటే కిలోమీటరుకు రూపాయి, రూపాయిన్నర కంటే ఎక్కువ పడటం లేదు. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబర్‌లో కొత్త ఈవీ పాలసీ తెచ్చి రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు 2026 చివరిదాకా పూర్తిగా మాఫీ చేసింది, జీఎస్టీ 5 శాతమే. కారు నడుస్తుంది, చెప్పిన రేంజ్‌లో కొంత తగ్గినా ఇస్తుంది, ఇంజిన్ ఆయిల్ గొడవ లేదు. ఇబ్బందల్లా హైవే చార్జర్లతోనే. ఒక్కో కంపెనీకి ఒక్కో యాప్, ఒక్కో యాప్‌లో ముందే డబ్బులు వేసుకోవాలి, తీరా వెళ్తే మెషీన్ పనిచేయదు, బోర్డు మీదున్న నంబర్‌కి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తరు. ఇవన్నీ డబ్బుతో, పట్టింపుతో తీరే సమస్యలే. ఇందులో ఇంకా కనిపెట్టాల్సిన సైన్సు ఏమీ లేదు.

కారు తనంతట తాను నడవడం అనేది మాత్రం అలా కాదు. కానీ షోరూంలో ఈ రెండూ ఒకే ప్యాకేజీలో వస్తున్నాయి. పెద్ద బ్యాటరీ, పెద్ద స్క్రీన్, దాంతోపాటు అడాస్ లెవెల్ 2, అంటే డ్రైవర్‌కి సాయంగా బ్రేకు, స్టీరింగ్ చూసుకునే వ్యవస్థ. కొనేవాళ్లలో చాలామందికి ఎలక్ట్రిక్ కారంటేనే సగం తనంతట తాను నడిచే కారు అనే అభిప్రాయం పడిపోయింది. టెస్ట్ డ్రైవ్‌కి వెళ్తే ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కించి "ఇప్పుడు చేతులు తీసేయండి సార్, అదే చూసుకుంటది" అంటాడు సేల్స్ కుర్రాడు. అతని తప్పేం లేదు, అతనికి నేర్పిందే అది. మాన్యువల్ తీసి చదివితేనేమో చేతులు ఎప్పుడూ స్టీరింగ్ మీదే ఉండాలని, నడిచివెళ్లేవాళ్లని, టూవీలర్లని, పశువుల్ని, ఆగి ఉన్న బండ్లని గుర్తించకపోవచ్చని పేజీల కొద్దీ ఉంటుంది. అమ్మేటప్పుడు ఒక మాట, ప్రమాదం జరిగాక ఒక మాట. ఆ మధ్యలో పడి నలిగేది కొన్నవాడూ, అతని కారు ముందు వెళ్తున్న బైకు మీదవాడూ.

లెవెల్ 2 అంటే కారు వేగాన్నీ, స్టీరింగ్‌నీ అది సర్దుతుంది, కానీ ప్రతి క్షణం మనిషే చూస్తూ ఉండాలి, బాధ్యత మనిషిదే. అద్దం వెనక ఒక కెమెరా, ముందు బంపర్‌లో ఒక రాడార్, చాలా కార్లలో ఉండేది ఇంతే. రాడార్ కదిలే వస్తువుల్ని బాగా పట్టుకుంటుంది. కదలని వాటితోనే చిక్కు. సైన్ బోర్డులు, బ్రిడ్జిలు, డివైడర్ రెయిలింగులు అన్నీ కదలనివే కాబట్టి, వాటన్నిటికీ బ్రేకు వేస్తే కారు ముందుకు పోదు, అందుకని స్పీడులో ఉన్నప్పుడు ఆగి ఉన్నవాటి నుంచి వచ్చే సంకేతాల్ని సాఫ్ట్‌వేర్ చాలావరకు పక్కన పెట్టేస్తుంది. అప్పుడు కెమెరా ఆదుకోవాలి. రాత్రిపూట, ఎదుటి బండి హైబీమ్ మొహం మీద కొడుతుంటే, కెమెరాకి ఎంత కనిపిస్తుందో మీరే ఆలోచించండి.

మన హైవేల మీద రాత్రిపూట జనాన్ని చంపేది సరిగ్గా ఇదే కదండీ. టైరు పంక్చరై రోడ్డు మీదే నిలబడిపోయిన లారీ, వెనక ఒక్క లైటూ ఉండదు, నాలుగు రాళ్లు పేర్చి చెట్టుకొమ్మ పెట్టి ఉంటారు. రిఫ్లెక్టర్ లేని ట్రాక్టర్ ట్రాలీ. యూటర్న్ దూరమని రాంగ్ రూట్‌లో ఎదురొచ్చే బైకు, దాని మీద భార్యా, ఇద్దరు పిల్లలు. డివైడర్ సందులోంచి హఠాత్తుగా దిగే బర్రెలు. లేన్ గీతలు అరిగిపోయిన చోట, తారు ప్యాచ్ వేసిన చోట, కారుని లేన్‌లోనే ఉంచాల్సిన లేన్ కీప్ దేన్ని పట్టుకుని పోతుందో తెలియదు. విదేశీ హైవేల మీద నేర్చుకున్న సాఫ్ట్‌వేర్‌ని ఇక్కడికి కొంత సర్ది తెచ్చామని కంపెనీలు చెప్తాయి. ఎంత సర్దారు, ఎక్కడ పరీక్షించారు, ఎన్నిసార్లు తప్పింది అన్నవి మాత్రం బయటపెట్టరు, పెట్టమని అడిగే రూల్ లేదు కాబట్టి.

నాకు జరిగింది ఒకటి చెప్తాను. చిట్యాల దాటాక పట్టపగలు, ముందు ఖాళీ రోడ్డు, క్రూయిజ్‌లో వెళ్తున్న నా కారు ఉన్నట్టుండి గట్టిగా బ్రేకు వేసింది. ముందు మనిషి లేడు, బండి లేదు, కుక్క కూడా లేదు. వెనక వస్తున్న లారీ డ్రైవర్ హారన్ కొడుతూ పక్కకి కోసి తప్పించాడు, ఆయన పుణ్యాన మేం బతికాం. సర్వీస్ సెంటర్‌కి వెళ్తే కంప్యూటర్ తగిలించి చూసి ఎర్రర్ కోడ్ ఏదీ పడలేదన్నారు, కారులో లోపం లేదని కాగితం ఇచ్చారు. ఆ నిమిషంలో కెమెరాకి ఏం కనిపించింది, రాడార్ ఏం చెప్పింది, ఆ రికార్డు ఇవ్వమని అడిగాను. కస్టమర్లకి ఇవ్వం సార్ అన్నారు. నా కారు, నా ప్రాణం, నా పిల్లలు వెనక సీట్లో ఉన్నారు, అయినా ఆ రికార్డు మాత్రం నాది కాదట. ఒకవేళ ఆ లారీ మమ్మల్ని గుద్ది ఉంటే కేసు ఎవరి మీద పెట్టేవారు? ఆ లారీ డ్రైవర్ మీద. వెనక నుంచి గుద్దాడు కాబట్టి. ఏ తప్పూ లేని ఆ మనిషి కోర్టుల చుట్టూ తిరిగేవాడు. నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఈ సంగతే.

ప్రమాదం జరిగాక మన దగ్గర ఏం జరుగుతుందో మీకు తెలియంది కాదు. పోలీసులు పంచనామా రాస్తారు, బ్రేక్ ఇన్‌స్పెక్టర్ వచ్చి బండిని చూసి బ్రేకులు, స్టీరింగ్ బాగానే ఉన్నాయా, యాంత్రిక లోపం ఏమైనా ఉందా అని రిపోర్ట్ ఇస్తారు. లోపం లేదంటే తప్పు డ్రైవర్‌ది. ఈ పద్ధతి అంబాసిడర్ కాలానికి సరిపోయింది. ఇప్పుడు బ్రేకు ప్యాడ్లు కొత్తవే ఉంటాయి, స్టీరింగ్ బ్రహ్మాండంగా ఉంటుంది, కానీ వేయాల్సిన చోట సాఫ్ట్‌వేర్ బ్రేకు వేయదు, లేదా వేయకూడని చోట వేస్తుంది. అది కంటితో చూస్తే, పానాతో విప్పితే తెలిసేది కాదు. బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌కి ఆ డేటా చదివే పరికరం, దానికి తగ్గ శిక్షణ ఇవ్వండి, ఆ డేటాని ఇచ్చి తీరాలని కంపెనీని కట్టడి చేయండి. యాక్సిడెంట్ వివరాలు ఎక్కించడానికి పోలీసులకి మీరే ఐరాడ్, ఈడార్ అని యాప్ వ్యవస్థ పెట్టారు. అందులో అడాస్ ఉన్న బండేనా, అప్పుడు ఆన్‌లో ఉందా అన్న రెండు ప్రశ్నలు తప్పనిసరి చేయడానికి ఎంత ఖర్చవుతుంది?

వేరే దేశాలు ఈ దారిలో మనకంటే ముందు నడిచి దెబ్బలు తిన్నాయి. అమెరికాలో 2018 మార్చిలో అరిజోనాలోని టెంపీలో, ఉబర్ పరీక్షిస్తున్న, తనంతట తాను నడిచే కారు రాత్రిపూట సైకిల్ నడిపించుకుంటూ రోడ్డు దాటుతున్న ఒక మహిళని గుద్ది చంపింది. సాఫ్ట్‌వేర్ ఆమెని కొన్ని సెకన్ల ముందే చూసింది, కానీ ఒకసారి వస్తువనీ, ఒకసారి వాహనమనీ, ఒకసారి సైకిలనీ మార్చి మార్చి అనుకుంటూ టైం పోగొట్టుకుంది. చివరికి శిక్ష పడింది ఎవరికి? కారుని కనిపెట్టుకుని ఉండటానికి సీట్లో కూర్చున్న ఉద్యోగినికి. 2023లో ఆమె నేరం ఒప్పుకుంటే మూడేళ్ల ప్రొబేషన్ వేశారు. కంపెనీ మీద క్రిమినల్ కేసే లేదు. చట్టం ముందే ఆలోచించకపోతే బాధ్యత ఎప్పుడూ కిందికే జారుతుంది, మన దగ్గరైతే ఇంకా కిందికి జారుతుంది.

ఆ తర్వాత అమెరికా రోడ్డు భద్రతా సంస్థ 2021 జూన్‌లో ఒక ఆర్డర్ వేసింది. అడాస్ గానీ, పూర్తి ఆటోమేటిక్ వ్యవస్థ గానీ పనిచేస్తుండగా పెద్ద ప్రమాదం జరిగితే కంపెనీ రిపోర్ట్ చేసి తీరాలి. ఇది చిన్న విషయం కాదు. 2023 అక్టోబర్‌లో శాన్ ఫ్రాన్సిస్కోలో, వేరే కారు గుద్దగా ఎగిరి పడిన ఒక మహిళని జనరల్ మోటార్స్ వారి క్రూజ్ డ్రైవర్‌లేని టాక్సీ ఢీకొట్టి, ఆగి, మళ్లీ పక్కకి కదులుతూ దాదాపు 20 అడుగులు ఈడ్చుకుపోయింది. ఈడ్చుకుపోయిన సంగతి కంపెనీ పూర్తిగా చెప్పలేదని తేలాక కాలిఫోర్నియా, ప్రమాదం జరిగిన మూడు వారాలకే పర్మిట్ ఆపేసింది, తప్పుడు రిపోర్ట్ ఇచ్చినట్టు కంపెనీ ఒప్పుకుని 5 లక్షల డాలర్ల జరిమానా కట్టింది, 2024 డిసెంబర్‌లో జనరల్ మోటార్స్ ఆ టాక్సీల పనికి డబ్బు పెట్టడమే మానేసింది. ఇదంతా ఎలా సాధ్యమైంది? రిపోర్ట్ చేయాలనే రూల్ ఉంది కాబట్టి, అబద్ధమాడితే అది నేరమైంది. మన దగ్గర అయితే అడిగేవాళ్లే లేరు, అబద్ధమాడే అవసరమే రాదు.

బ్రిటన్ 2024లో చట్టం చేసింది, కారు తనంతట తాను నడుస్తున్నప్పుడు జరిగిన దానికి సీట్లో ఉన్నవాడు కాదు, ఆ వ్యవస్థకి అనుమతి తీసుకున్న సంస్థ జవాబు చెప్పాలని. చైనాలో 2025 మార్చిలో షావోమీ ఎలక్ట్రిక్ కారు హైవే మీద గుద్దుకుని ముగ్గురు చనిపోతే, తర్వాతి నెలలోనే అక్కడి ప్రభుత్వం కారే నడుపుకుంటుందంటూ ప్రకటనల్లో గొప్పలు పోవద్దని కంపెనీలను పిలిచి చెప్పింది. 2019లో ఫ్లోరిడాలో జరిగిన ఆటోపైలట్ ప్రమాదంలో టెస్లాకీ బాధ్యత ఉందని 2025 ఆగస్టులో మయామీ జ్యూరీ తీర్పు చెప్పి 24 కోట్ల డాలర్లకు పైగా కట్టమంది. అదే టెస్లా 2025 జూలైలో ముంబైలో షోరూం తెరిచి, ఫుల్ సెల్ఫ్ డ్రైవింగ్ పేరుతో 6 లక్షల రూపాయల ఆప్షన్ పెట్టింది. అది కొన్నా మనిషి చూసుకుంటూనే ఉండాలని కంపెనీయే రాసింది. మరి ఆ 6 లక్షలు కట్టేవాడికి షోరూంలో ఏం చెప్పాలి, ఏం చెప్పకూడదు అన్నది మీరు నిర్ణయించాలి కదా.

ఈ టెక్నాలజీ పనికిరాదని నేననడం లేదు. ఫీనిక్స్, శాన్ ఫ్రాన్సిస్కో, లాస్ ఏంజెలెస్‌లలో వేమో టాక్సీలు స్టీరింగ్ ముందు మనిషి లేకుండానే జనాన్ని ఎక్కించుకుని తిరుగుతున్నాయి. కానీ వాటికి లేజర్ కిరణాలతో చుట్టూ ఉన్నవాటి దూరం కొలిచే లైడార్లు ఉన్నాయి, తిరిగే ప్రతి వీధినీ ముందే కొలిచి మ్యాపులు చేసుకున్నారు, అదృష్టవశాత్తూ అక్కడ రాంగ్ రూట్ బైకులు లేవు. ఏళ్ల తరబడి, వేల కోట్లు పోసి, కొన్ని ఊళ్లలో సాధించిన పని అది. ఒక కెమెరా, ఒక రాడార్ పెట్టి అమ్మే మన కారుకీ దానికీ పోలికే లేదు, కానీ ఆ వీడియోలు చూసిన కుర్రాళ్లు డ్రైవర్ సీటు వదిలి పక్క సీట్లో కూర్చుని హైవే మీద రీల్స్ తీస్తున్నారు.

గడ్కరీ గారూ, డ్రైవర్‌లేని కార్లను మన దేశంలోకి రానివ్వనని, లక్షలమంది డ్రైవర్ల పొట్ట కొట్టలేనని మీరు 2023 డిసెంబర్‌లో కూడా గట్టిగా చెప్పారు. డ్రైవర్ల గురించి ఆలోచించే మంత్రి ఉన్నందుకు సంతోషమే. కానీ రానివ్వను అన్న మాటతో పని అయిపోలేదు. పూర్తిగా డ్రైవర్‌లేని కారు గేటు బయట ఆగింది, సగం నడిపే కారు మాత్రం ఇప్పటికే లోపలికి వచ్చేసింది, దాని గురించే ఎవరూ మాట్లాడటం లేదు. నిజానికి ఎక్కువ ప్రమాదం ఈ సగం నడిపేదానితోనే. అంతా బాగా నడుస్తుంటే మనిషి ధ్యాస సడలుతుంది, ఫోన్ తీస్తాడు, కునుకు తీస్తాడు, సరిగ్గా అప్పుడే కారు చేతులెత్తేస్తుంది. స్టీరింగ్ మీద చెయ్యి ఉందో లేదో చూస్తే సరిపోదు, కళ్లు రోడ్డు మీద ఉన్నాయో లేదో చూసే కెమెరా లేకుండా లెవెల్ 2 కారు అమ్మనివ్వకండి. బస్సులకీ లారీలకీ ఆటోమేటిక్ బ్రేకు, డ్రైవర్ నిద్రమత్తు హెచ్చరిక తప్పనిసరి చేయాలని 2025 మార్చిలో మీరు తెచ్చిన ముసాయిదా చాలా మంచిది. రాత్రంతా నడిపే ట్రావెల్స్ డ్రైవర్‌ని లేపే బీప్ ఎన్నో కుటుంబాలని కాపాడుతుంది. అదే పట్టుదల కార్ల మీదా చూపించండి.

పరీక్షించడానికి చోటు లేదనడానికీ లేదు. సంగారెడ్డి జిల్లా కందిలో, ఐఐటీ హైదరాబాద్‌లో 2022 జూలైలో డ్రైవర్‌లేని వాహనాల్ని పరీక్షించే టిహాన్ టెస్ట్‌బెడ్ ప్రారంభించారు, కేంద్రం 130 కోట్లు కేటాయించింది, క్యాంపస్‌లో డ్రైవర్ లేకుండా నడిచే బస్సు కూడా తిప్పుతున్నారు. అడాస్ ఉన్న ప్రతి మోడల్‌నీ అక్కడ మన పరిస్థితుల్లో పరీక్షించమనండి. లైట్లు లేకుండా ఆగి ఉన్న లారీ, రాంగ్ రూట్ బైకు, చీకట్లో నల్ల బర్రె, అరిగిపోయిన లేన్ గీత. ఏ కారు ఎన్ని కిలోమీటర్ల స్పీడులో ఆగింది, ఏది ఆగలేదు అన్నది పేర్లతో సహా బయటపెట్టండి. 2023 అక్టోబర్‌లో మొదలైన భారత్ ఎన్‌క్యాప్ స్టార్లు చూసి జనం కార్లు కొంటున్నారు, అంటే అంకెలిస్తే చదివేవాళ్లున్నారు. గుద్దుకున్నాక లోపలివాళ్లని ఎంత కాపాడుతుందో చెప్పే ఆ స్టార్ల పక్కన, బయటివాళ్లని గుద్దకుండా ఎంత ఆగుతుందో చెప్పే స్టార్లు కూడా కావాలి.

బయటివాళ్లు అన్నాను, ఎందుకంటే 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని మీ శాఖే లెక్క చెప్పింది, అందులో దాదాపు 45 శాతం టూవీలర్ల మీద వెళ్లేవాళ్లు. అడాస్ ఉన్న కారు కొన్నవాడు కనీసం ఒక టిక్కు పెట్టి షరతులకి ఒప్పుకుంటాడు. సూర్యాపేట దగ్గర పొలం నుంచి మోపెడ్ మీద ఇంటికి వెళ్తున్న రైతు దేనికీ ఒప్పుకోలేదు, తన మీద ఒక సాఫ్ట్‌వేర్ పరీక్ష జరుగుతోందని అతనికి తెలియదు. అతని తరఫున మాట్లాడాల్సింది మీరే.

ఇంకో మాట, ఇది ఈవీల మీద ఇష్టంతో చెప్తున్నది. 2022 మంటల తర్వాత మా ఇంట్లో, చుట్టాల్లో ఎలక్ట్రిక్ స్కూటర్ పేరెత్తితే వద్దన్నారు, మంచి కంపెనీల బండ్లకీ చెడ్డపేరు వచ్చింది. రేపు అడాస్ ఆన్‌లో ఉన్న ఎలక్ట్రిక్ కారు నలుగుర్ని పొట్టన పెట్టుకుంటే, తప్పు సాఫ్ట్‌వేర్‌దని జనం విడదీసి చూడరు, కరెంటు కారు చంపిందంటారు. అప్పుడు మీరు ఇచ్చిన సబ్సిడీలు, మాఫీలు ఏవీ ఆ భయాన్ని పోగొట్టలేవు.

మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణతో లోపాలున్న బండ్లను వెనక్కి రప్పించే అధికారం మీకు ఉంది. సాఫ్ట్‌వేర్ లోపం కూడా లోపమేనని స్పష్టంగా రాయండి. డేటా యజమానికి అడిగిన వెంటనే ఇవ్వాలని, అడాస్ ఆన్‌లో ఉండగా జరిగిన ప్రతి పెద్ద ప్రమాదాన్నీ కంపెనీ రోజుల్లోనే మీకు చెప్పాలని, ఆ జాబితా అందరికీ కనిపించేలా పెట్టాలని ఒక ముసాయిదా తీసుకురండి. అలాంటివి విడుదల చేసినప్పుడు అభ్యంతరాలకి, సలహాలకి గడువు ఇస్తారు కదా, ఈసారి ఆ కాగితాన్ని ఇంగ్లీషు, హిందీతో ఆపకుండా తెలుగులోనూ పెట్టండి, గడువు కాస్త ఎక్కువ ఇవ్వండి. లారీ డ్రైవర్ల సంఘాలు, ఆటో యూనియన్లు చదివి రాయడానికి వీలుండాలి. నా అభిప్రాయం మొదటి రోజే పంపిస్తాను.